ఎండలో మొరాయించే బండి

పిడుగురాళ్ల బైపాస్ పక్కన మా నాన్న పెట్టిన స్పేర్ పార్ట్స్ కొట్టు ఇప్పుడు కూతుర్ని నేనే చూసుకుంటున్నాను. మా కొట్టుకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద ‘బ్రహ్మం ఆటో ఎలక్ట్రికల్స్’ అనే ఉంటుంది గానీ, లారీ డ్రైవర్లెవరూ ఆ పేరు పలకరు. ‘కోటక్క షెడ్డు’ అంటారు. కోటక్క అంటే బ్రహ్మం బావ పెళ్ళాం, కోటేశ్వరి.

కోటక్కది నూజెండ్ల. వాళ్ళ నాన్న మిరప చేలల్లో పనికి పోయేవాడు, ఇంట్లో రెండు బర్రెలుండేవి. పెళ్ళయి ఇక్కడికి వచ్చేనాటికి ఆమెకి తెలిసిన కరెంటు పని బల్బు మార్చడం ఒక్కటే, అదీ భయపడుతూనే. బ్రహ్మం బావ మాత్రం అప్పటికే పేరున్న మెకానిక్. సున్నం బట్టీల నుంచి బయల్దేరే లారీకి లైటు వెలగకపోయినా, హారన్ మోగకపోయినా ఆయన దగ్గరికే వచ్చేది.

ఒక రోజు చార్జింగులో పెట్టిన లారీ బ్యాటరీ మీద ఆయన వంగి ఉన్నప్పుడు ఎక్కడో నిప్పురవ్వ లేచింది. బ్యాటరీ ఢామ్మని పేలింది. యాసిడ్ మొహం నిండా పడింది. మేమంతా బిందెలతో నీళ్ళు పోశాం, గుంటూరు తీసుకుపోయాం. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదన్నారు.

ఆ తర్వాత చాలా కాలం షెడ్డు మూసే ఉంది. బావ మంచం దిగేవాడు కాదు. ఎవరన్నా పలకరించడానికి వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కోటక్క మిల్లు పనికి పోయి ఇల్లు నడిపేది.

ఒక సాయంత్రం ఈ సంగతేమీ తెలియని నల్గొండ వైపు డ్రైవరొకాయన సున్నం లోడుతో వచ్చి షెడ్డు ముందు ఆపాడు. లైట్లు పోయాయి, చీకటి పడితే బండి కదలదు. “బ్రహ్మం లేడా?” అని కేకేశాడు. లేడని చెబుదామని నేను కొట్టులోంచి బయటికి వచ్చేలోపే కోటక్క ఇంట్లోంచి వచ్చింది. బావ చెయ్యి పట్టుకుని, గొడవ పడుతూ, దాదాపు లాక్కుంటూ తీసుకొచ్చింది.

“ఏం చెయ్యమంటావే నన్ను? కనపడదు గదా!” అని అరుస్తున్నాడాయన.

“నాకు కనపడుద్ది గదా. నువ్వు చెప్పు, నేను చూస్తా.”

ఆయన్ని లారీ బంపర్ దగ్గర స్టూలు మీద కూచోబెట్టి, తను మూత విప్పి లోపలికి తల పెట్టింది. డ్రైవరు బిత్తరపోయి చూస్తున్నాడు.

“ఏం రంగు తీగలున్నాయి?” అన్నాడు బావ కాసేపటికి, విసుగ్గానే.

“ఎర్రది. దాని మీద తెల్ల గీత.”

“దాన్నొదిలెయ్. పక్కది?”

“పసుప్పచ్చది. కానీ ఇక్కడ నల్లగా అయింది.”

బావ గొంతు మారింది. “వాసన చూడు.”

“ప్లాస్టిక్ కాలిన వాసన.”

“అదేనే! దాన్ని పట్టుకునే ముందుకి పో. ఎక్కడో ఇనుముకి రాసుకుని ఉంటది, చూడు.”

రాసుకునే ఉంది. లైట్లు వెలిగాయి. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె కళ్ళు, ఆయన విద్య కలిసి పని చేయడం మొదలైంది. పోను పోను ఆయన చెప్పాల్సింది తగ్గింది. ఆమె అడగాల్సిందీ తగ్గింది. కొన్నేళ్ళకి ఆయన స్టూలు మీద కూచుని డ్రైవర్లతో కబుర్లు చెప్పేవాడు, ఆమె పని చేసేది.

మొదట్లో అందరూ ఒప్పుకోలేదు. ఒకడు, “ఆడమనిషి చేతికి నా బండి ఇయ్యను” అన్నాడు. కోటక్క లేచి చేతులు తుడుచుకుంటూ, “నీ బండికి నేను ఆడో మగో తెలవదయ్యా. తీగ తెగిందో లేదో దానికి తెలుసు, అంతే. ఉంటే ఉండు, పోతే పో” అంది. వాడు ఉన్నాడు. కోటక్కకి నోరు చానా దురుసు. వినయం అనేది నేను ఆమెలో ఎప్పుడూ చూడలేదు. పని బాగా కుదిరితే “నేను గాబట్టి పట్టుకున్నా” అని పైకే అనేస్తుంది. విన్నవాళ్ళకి కోపం కూడా రాదు, నిజమే కాబట్టి.

గత ఎండాకాలం పున్నారావు గారి బండి విషయంలో మాత్రం ఆ నోరే ఆమెని ఇబ్బందిలో పెట్టింది.

పున్నారావు గారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. రెంటచింతల చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పశువులకి సూదులు వేస్తాడు, ఈనలేని బర్రెలకి పురుడు పోస్తాడు. జనం ఆయన్ని డాక్టరు గారనే పిలుస్తారు. ఆయనకొక పాత మోటార్ సైకిలుంది, బరువైనది. వెనక మందుల పెట్టె కట్టినా, చేలగట్ల మీద నడిపినా తట్టుకుంటుందని దాన్ని వదలడు. ఒకప్పుడు ఒక బర్రె ఆయన కుడి మోకాలి మీద తన్నింది. నడుస్తాడు, బ్రేకు తొక్కుతాడు గానీ కిక్ కొట్టలేడు. బటన్ నొక్కితే సెల్ఫ్ తిరగాలి, లేకపోతే ఆయన ఎక్కడున్నాడో అక్కడే ఉండిపోవాలి.

ఆ సెల్ఫే మొరాయిస్తోంది. రోజూ కాదు. పొద్దున ఇంటి దగ్గర చక్కగా తిరుగుతుంది. మధ్యాహ్నం ఏదో ఊళ్ళో పశువుని చూసి బయటికి వచ్చి నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. నలుగురు నెడితే స్టార్టవుతుంది, కానీ రెంటచింతల ఎండలో మిట్టమధ్యాహ్నం నెట్టడానికి నలుగురు ఎక్కడ దొరుకుతారు? చెట్టు నీడకి తోసి ఒక కునుకు తీసి లేస్తే, ఏమీ జరగనట్టు తిరుగుతుంది. మాచర్లలో ఒకరు బ్యాటరీ మార్చారు. ఇంకొకరు సెల్ఫ్ మోటార్ విప్పి బాగుచేశారు. వాళ్ళు తప్పు చేశారని కాదు, బండి వాళ్ళ ముందు ఎప్పుడూ ఆగలేదు. బటన్ నుంచి కరెంటు వస్తే బ్యాటరీని సెల్ఫ్‌తో కలిపే రిలే అనే చిన్న డబ్బా ఉంటుంది. అదీ కొత్తది వేయించాడాయన, మా కొట్టులోనే కొని.

నేనే ఆయన్ని పక్క షెడ్డుకి పంపాను. కోటక్క హెడ్‌లైటు వేసి, హారన్ కొట్టి, బ్యాటరీ దండిగా ఉందని తేల్చింది. ఇంజనుకి బిగించిన ఎర్త్ తీగ దగ్గర తుప్పు కనపడింది. దాన్ని గీకి, మెరిసేదాకా రుద్ది బిగించింది.

“ఇంక తీసుకుపో డాక్టరు గారూ. ఇంకోసారి ఆగిందంటే నా పేరు కోటేశ్వరి కాదు.”

ఆ వారంలోనే బండి ట్రాక్టరు ట్రక్కులో పడుకుని తిరిగొచ్చింది. పక్కన పున్నారావు గారు గొడుగేసుకుని కూచునున్నాడు. షెడ్డు ముందు దించగానే బటన్ నొక్కితే, ఖర్మ, గుర్రుమని స్టార్టయింది.

బ్రహ్మం బావ పగలబడి నవ్వాడు. “ఏమే, మరి ఇప్పుడు నిన్నేమని పిలవాలి?”

కోటక్క నవ్వలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. మెయిన్ స్టాండు వేసి పొద్దంతా ఎండలో పెట్టించింది. సీటు మీద చెయ్యి పెడితే కాలుతోంది. నొక్కింది, స్టార్టయింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ స్టార్టయింది. ఆమె మొహం చూస్తే, బండి ఆగితే బాగుండునని మొక్కుకుంటున్నట్టుంది.

“ఇక్కడ దీనికి రోగం లేదు” అంది చివరికి. “రోగం అక్కడుంది. రేపు నువ్వు ఊళ్ళకి పోయేటప్పుడు నేనూ వస్తా, వెనక కూచుంటా.”

పున్నారావు గారు కంగారుపడ్డాడు. “ఈ ఎండల్లోనా అమ్మా? వడదెబ్బ కొట్టుద్ది. మగోళ్ళే బయటికి రావట్లేదు.”

“మరి నువ్వు పోతున్నావు గదా. బర్రెలు ఎండ చూసి ఈనుతాయా?”

షెడ్డు మూసి పోవడమేమిటని బావ కూడా గొణిగాడు. ఆమె వినలేదు. మర్నాడు తలకి తువ్వాలు చుట్టి, నీళ్ళ సీసా, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయర్, టేపు, టెస్ట్ లైటు సంచిలో వేసుకుంది. టెస్ట్ లైటంటే పెద్ద సామానేం కాదు, రెండు తీగలు తగిలించిన చిన్న బల్బు. కరెంటు వచ్చిన చోట వెలుగుతుంది, రాని చోట వెలగదు. బండెక్కి వెళ్ళిపోయింది. తర్వాత ఏం జరిగిందో ఆమె ఒక రకంగా, పున్నారావు గారు ఒక రకంగా చెప్పారు. రెండూ కలిపి చెబుతున్నాను.

పొద్దుటి నుంచీ ఊరు తర్వాత ఊరు తిరిగారు. ఆయన పశువులకి సూదులు వేస్తుంటే ఈమె బయట బండి పక్కనే నిలబడేది. ఎక్కడా ఆగలేదు. ఎండ ముదిరింది. తారు రోడ్డు మెత్తబడి టైరుకి అంటుకుంటోంది. రంగనాయకమ్మ అనే ఆవిడ ఇంట్లో బర్రె పొదుగు వాచిందంటే ఆగారు. వాకిట్లో చెట్టూ లేదు, పందిరీ లేదు. పున్నారావు గారు బండికి పక్క స్టాండు వేసి, హ్యాండిల్ ఎడమకి తిప్పి తాళం వేసి లోపలికి పోయాడు. ఆయనకది అలవాటు. రంగనాయకమ్మ మజ్జిగ ఇస్తానని పిలిస్తే కోటక్క కూడా వసారాలోకి పోయింది.

పని ముగించుకుని ఆయన వచ్చి, బండెక్కి తాళం తీసి, హ్యాండిల్ ఇంకా ఎడమకే ఉండగా బటన్ నొక్కాడు. ఏమీ లేదు.

“ఆగింది” అన్నాడు దిగులుగా.

“ఆగిందా!” అని కోటక్క గ్లాసు అక్కడే పెట్టేసి పరుగెత్తుకొచ్చింది. పెళ్ళివారొచ్చినట్టు మొహం వెలిగిపోయిందని రంగనాయకమ్మ తర్వాత అందట. “కదపమాక! బండిని అసలు కదపమాక. దిగకు. బటన్ మీద వేలుంచు.”

సీటు పక్క మూత ఊడదీసి రిలే దగ్గర టెస్ట్ లైటు పెట్టింది. “నొక్కు” అంది. బల్బు వెలగలేదు. ‘మోటారు మంచిదే, రిలే మంచిదే. దాని దాకా కబురే రావట్లేదు’ అనుకుంది. హ్యాండిల్ దగ్గరికి పోయి స్విచ్చు విప్పి, దాన్నుంచి బయటికొచ్చే తీగ దగ్గర పెట్టింది. “నొక్కు.” బల్బు వెలిగింది. స్విచ్చూ మంచిదే. అంటే స్విచ్చుకీ రిలేకీ మధ్య, టాంకు కింద నుంచి పోయే ఆ తీగలోనే ఎక్కడో ఉంది.

సరిగ్గా అప్పుడే పున్నారావు గారి ఫోను మోగింది. పక్క ఊరి నుంచి జాహెదా అనే ఆవిడ. ఆమె బర్రె పొద్దుటి నుంచి నొప్పులు పడుతోంది, దూడ కాళ్ళు బయటికి వచ్చాయి గానీ తల రావడం లేదు. ఏడుస్తూ మాట్లాడుతోంది. ఆయన చెమటలు తుడుచుకుంటూ, “కోటమ్మా, తర్వాత చూద్దాం. జనాన్ని పిలుస్తా, నెట్టిస్తే పోదాం. అక్కడ ప్రాణం పోతా ఉంది” అన్నాడు.

కోటక్క కూడా బర్రెల మధ్య పెరిగిన మనిషే, దూడ తల మడత పడితే ఏమవుతుందో తెలుసు. కానీ నెడితే తీగ కదులుతుంది, రోగం మళ్ళీ దాక్కుంటుంది. “నువ్వు పోయి జనాన్ని పిలువు. వాళ్ళు వచ్చేదాకా బండి నాది. వచ్చినాక నెట్టిద్దాం” అంది.

ఆయన కుంటుకుంటూ వీధిలోకి పోయాడు. ఆమె బండి మెడ దగ్గర కూలబడి, కట్టగా చుట్టిన తీగల మీది టేపు చీల్చి, ఆ ఒక్క తీగ వేరు చేసింది. రెండు చేతుల వేళ్ళతో కొంచెం కొంచెం పట్టుకుని లాగుతూ పైకి పోయింది. లోపల రాగి నిక్షేపంగా ఉంటే తీగ సాగదు. టాంకు వేడికి మోచెయ్యి చుర్రుమంది. తీసి, తువ్వాలు వేసి, మళ్ళీ దూర్చింది. హ్యాండిల్ తిరిగే చోట, మెడ మలుపులో, తీగ చేతికి మెత్తగా తగిలింది. లాగితే రబ్బరులా సాగింది.

పైన తొడుగు బానే ఉంది. లోపల రాగి పోగులు తెగాయి. ఏళ్ళ తరబడి హ్యాండిల్ తిప్పీ తిప్పీ తెగాయి. చల్లగా ఉన్నప్పుడు తొడుగు బిగుసుకుని తెగిన కొసల్ని కలిపి ఉంచుతోంది. ఎండకి మెత్తబడ్డాక, హ్యాండిల్ పక్కకి తిప్పి తాళం వేస్తే సాగి, కొసలు విడిపోతున్నాయి. షెడ్డు ముందు మెయిన్ స్టాండు మీద, హ్యాండిల్ తిన్నగా ఉండి ఎంత ఎండ పెట్టినా ఎందుకు ఆగలేదో అప్పుడర్థమైంది ఆమెకి.

పున్నారావు గారు ఇద్దరు ముసలివాళ్ళని వెంటబెట్టుకుని వచ్చేసరికి కోటక్క ఆ ముక్క కత్తిరించేసి, మంచి కొసలు రెండూ మెలిపెట్టి టేపు చుడుతోంది. తీగ కాస్త పొట్టిదైంది, అయినా అందింది.

“నొక్కు.”

ఇంజను అందుకుంది. ముసలివాళ్ళలో ఒకాయన, “ఇంకెందుకు పిలిచావయ్యా మమ్మల్ని?” అని విసుక్కుంటూ పోయాడట.

జాహెదా ఇంటికి పోయేసరికి బర్రె నేల మీద పడిపోయి ఉంది. పున్నారావు గారు చెయ్యి లోపలికి పెట్టి, మడత పడిన దూడ తలని కష్టం మీద తిప్పాడు. కాళ్ళకి తాడు వేశాడు. ఇక లాగాలి. నొప్పి వచ్చినప్పుడల్లా ఒడుపుగా లాగాలి. ఆయన మోకాలు ఆనడం లేదు, తన్నిపెడితే జారిపోతున్నాడు.

“పక్కకి జరుగు డాక్టరు గారూ” అని కోటక్క తాడు పట్టుకుంది. జాహెదా ఆమె వెనకే పట్టుకుంది. ఆయన “ఇప్పుడు... ఆగు... ఇప్పుడు లాగు” అని చెబుతుంటే ఇద్దరు ఆడవాళ్ళూ మడమలు నేలకి తన్నిపెట్టి లాగారు. దూడ జారి బయట పడింది. కదలలేదు. ఆయన దాని ముక్కూ నోరూ తుడిచాడు, కోటక్క గడ్డిపరక తీసి ముక్కులో పెట్టి తిప్పింది. నూజెండ్లలో వాళ్ళమ్మ అలాగే చేసేదట. దూడ ఒక్కసారిగా తుమ్మింది. పెయ్య దూడ. జాహెదా కోటక్క మెడ పట్టుకుని ఏడ్చేసింది.

వాళ్ళు బయటికి వచ్చేసరికి బండి మళ్ళీ ఎండలోనే ఉంది, హ్యాండిల్ ఎడమకి తిప్పి తాళం వేసి. తొందరలో కూడా ఆయన అలవాటు తప్పలేదు. ఎక్కి నొక్కాడు, స్టార్టయింది. ఆపాడు. మళ్ళీ నొక్కాడు, స్టార్టయింది. చిన్నపిల్లాడిలా హ్యాండిల్ ఇటు తిప్పి నొక్కాడు, అటు తిప్పి నొక్కాడు.

“చాలయ్యా, బ్యాటరీ అయిపోద్ది!” అని కోటక్క అరిచాక ఆపాడు.

పొద్దువాలే వేళకి షెడ్డు ముందు దిగారు. కోటక్క మొహం కందిపోయి, చీరంతా మరకలతో ఉంది. మోచేతి మీద బొబ్బ లేచింది. నేను కొట్టులోంచి మంచినీళ్ళు తెచ్చిస్తే గటగటా తాగేసి, ఇంకా కావాలంది. బ్రహ్మం బావ స్టూలు మీంచి ముక్కు ఎగబీల్చి, “ఏందే, మెకానిక్ పనికి పోయి బర్రె వాసనేసుకుని వచ్చావు?” అన్నాడు.

“ఏమే ఇంద్రజా, చెప్పు మీ బావకి, నా పేరు కోటేశ్వరే అని” అని నాతో అని, అక్కడే మెట్టు మీద చతికిలబడి మొత్తం చెప్పింది. పున్నారావు గారు పక్కనే నిలబడి అవునవునంటున్నాడు. మర్నాడు టాంకు దించి ఆ అతుకు తీసేసి, ఆ చివర నుంచి ఈ చివరకి కొత్త తీగ వేస్తానని ఆయనకి చెప్పింది. చెప్పినట్టే వేసింది కూడా. ఆ వేసవంతా ఆయన ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాడు, బండి ఆగిందన్న మాట మళ్ళీ వినలేదు.

ఆ సాయంత్రం ఆమె చెప్పడం అయిపోయాక బావ చెయ్యి చాపాడు. “ఆ ముక్క పారేశావా?”

కోటక్క సంచిలో వెతికి, కత్తిరించిన తీగ ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, ఒక కొస నుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. మధ్యలో ఒక చోట వేళ్ళు ఆగాయి. అక్కడే అటూ ఇటూ వంచాడు, కొద్దిగా లాగాడు.

“ఇక్కడ” అన్నాడు.

“ఆఁ, అక్కడే.”

“పైకి ఏమన్నా కనపడిందా నీకు?”

“ఏమీ కనపడలా. చేతికే తెలిసింది.”

లారీ ఒకటి సున్నం దుమ్ము రేపుకుంటూ పోయింది. అది సద్దుమణిగాక, “నాకు కళ్ళున్న రోజుల్లో అయితే దీన్ని పట్టుకునేవాణ్ణి కాదే. కళ్ళతోనే వెతికేవాణ్ణి” అన్నాడు.

కోటక్క ఆ ముక్క చుట్టూ ఆయన వేళ్ళు మూసింది. లేచి, చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయింది.